ఎన్ని మార్కులొస్తే బాధిత పేట?

అమెరికాలోని ఎడిసన్, ప్లెయిన్స్‌బరో, వెస్ట్ విండ్సర్ పేర్లు వినని తెలుగు కుటుంబాలు ఇప్పుడు తక్కువే. అన్నయ్య కొడుకో, పక్కింటివాళ్ల అల్లుడో ఎవరో ఒకరు అక్కడుంటారు. మంచి బడులు, ఇంటి ముందు పచ్చిక, గరాజులో రెండు కార్లు. న్యూజెర్సీ రాష్ట్ర చట్టం కళ్లతో చూస్తే మాత్రం ఈ ఊళ్లలో చాలా భాగం 'అధిక భారం మోస్తున్న సముదాయాల' కిందికి వస్తుంది. అదే రాష్ట్రంలో, నెవార్క్ నగరంలో, రోజుకు 2,800 టన్నుల దాకా చెత్తను కాల్చగల ప్లాంటు పక్కన బతికే ఐరన్‌బౌండ్ పేట కూడా ఆ కిందికే వస్తుంది.

ఇందులో గుమాస్తా పొరపాటేమీ లేదు. 2020 సెప్టెంబరు 18న అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ సంతకం చేసిన పర్యావరణ న్యాయ చట్టంలో మూడు అంకెలున్నాయి: 35, 40, 40. అమెరికా జనగణనవాళ్లు తమ లెక్కల కోసం ఊళ్లను 'బ్లాక్ గ్రూపు'లుగా విడదీస్తారు. ఒక్కో దాంట్లో మామూలుగా 600 నుంచి 3,000 మంది ఉంటారు. ఒక బ్లాక్ గ్రూపులో కనీసం 35 శాతం కుటుంబాలు తక్కువ ఆదాయంవాళ్లవైతే అది జాబితాలోకి వస్తుంది. లేదా కనీసం 40 శాతం మంది మైనారిటీలో, రాష్ట్రం గుర్తించిన ఆదివాసీ తెగలవాళ్లో అయినా వస్తుంది. లేదా కనీసం 40 శాతం ఇళ్లలో ఇంగ్లిష్ బాగా వచ్చిన పెద్దవాళ్లు ఒక్కరూ లేకపోయినా వస్తుంది. తక్కువ ఆదాయమంటే పేదరిక రేఖకు రెట్టింపు లోపు. 2024లో నలుగురున్న ఇంటికి ఆ రేఖ ఏడాదికి సుమారు 31 వేల డాలర్లు కాబట్టి, 62 వేల డాలర్ల లోపువాళ్లన్నమాట.

మూడూ కలిసి రానక్కర్లేదు, ఒక్కటి చాలు. అక్కడ మైనారిటీ అంటే మతానికి సంబంధించింది కాదు; హిస్పానిక్ మూలాలు లేని తెల్లవాళ్లను మినహాయిస్తే మిగిలిన అందరూ ఆ లెక్కలోకి వస్తారు. ఎడిసన్‌లో సగం దాకా జనం ఆసియా మూలాలవాళ్లే. అంతే, 40 దాటిపోయింది. ఆ ఇళ్లలోవాళ్ల జీతాలెంత, పక్కన ఫ్యాక్టరీ ఉందా పార్కు ఉందా అన్నది ఈ దశలో ఎవరూ అడగరు.

ఇంకో విచిత్రం ఉంది. కాలుష్య భారం గురించి రాసిన ఈ నిర్వచనంలో కాలుష్యం ఊసే లేదు. ఆదాయం ఉంది, జాతి ఉంది, భాష ఉంది. పొగ, మురుగు, సీసం ఎక్కడా లేవు.

ఫలితం ఊహించవచ్చు. చట్టం వచ్చిన కొత్తలో రాష్ట్ర పర్యావరణ శాఖ లెక్క తీస్తే దాదాపు 310 పురపాలికల్లో, సుమారు 45 లక్షల జనాభా తేలింది. 2020 జనగణనలో న్యూజెర్సీ మొత్తం జనాభా 92 లక్షల 89 వేలు. ఇంచుమించు సగం రాష్ట్రం భారం మోస్తున్నట్టే. సగం మందికి ప్రత్యేక రక్షణ అంటే అది ప్రత్యేకం ఎలా అవుతుందన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. నాకూ వచ్చింది. ఆ చట్టం ఏ పని కోసం పుట్టిందో చూశాకే జవాబు దొరికింది.

ఆ చట్టం ఎవరికీ డబ్బు పంచదు. అనుమతులు ఆపుతుంది. అదీ 8 రకాల వాటికే: భారీ వాయు కాలుష్య కేంద్రాలు, చెత్త కాల్చే ప్లాంట్లు, మురుగు మడ్డిని శుద్ధి చేసే లేదా కాల్చే కేంద్రాలు, రోజుకు 5 కోట్ల గ్యాలన్లకు మించిన మురుగునీటి శుద్ధి కేంద్రాలు, చెత్త మార్పిడి కేంద్రాలు, పాత ఇనుము యార్డులు, డంపింగ్ యార్డులు, ఆసుపత్రి వ్యర్థాలను కాల్చే కేంద్రాలు. ఎవరైనా వీటిలో ఒకటి జాబితాలోని పేటలో పెడతామని వస్తే అప్పుడు రెండో తలుపు తెరుచుకుంటుంది. కాలుష్యాన్ని కొలిచేది అక్కడ. 26 రకాల ఒత్తిళ్లను లెక్కిస్తారు: గాలిలో ధూళి, ఓజోన్, లారీల రాకపోకలు, పాత ఇళ్ల గోడల్లో సీసం, చెట్ల నీడ ఎంత, ఇలా. జాబితాలో లేని మామూలు పేటలతో పోల్చి, ఆ మధ్యస్థ విలువ కన్నా ఇక్కడ భారం ఇప్పటికే ఎక్కువుందా అని చూస్తారు. ఎక్కువుండి, కొత్త ప్లాంటు దాన్ని ఇంకా పెంచేట్టయితే అనుమతి నిరాకరించి తీరాలి. 'నిరాకరించవచ్చు' అన్న మెత్తని మాట కాకుండా 'నిరాకరించాలి' అని రాసిన మొదటి అమెరికా రాష్ట్రం ఇదే. తప్పించుకునే దారి ఒక్కటుంది: ఆ పేట ప్రజలకే తప్పనిసరి అవసరమని రుజువు చేయాలి. 2023 ఏప్రిల్ 17 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి.

అంటే మొదటి తలుపు వెడల్పుగా పెట్టినా నష్టం లేదు, రెండోది ఇరుకు కాబట్టి. ప్లెయిన్స్‌బరోలో చెత్త కాల్చే ప్లాంటు పెడతామని ఎవరూ రారు. వచ్చినా, అది జాబితాలో ఉన్నందువల్ల పేదల పేటకు రావాల్సిన పైసా ఏదీ అటు పోదు. ఐరన్‌బౌండ్ లాంటి చోట మాత్రం ప్రతి అంకె పనిచేస్తుంది. ఒక పక్క విమానాశ్రయం, ఓడరేవు లారీలు. ఇంకో పక్క పాసాయిక్ నది ఒడ్డున, వియత్నాం యుద్ధంలో వాడిన 'ఏజెంట్ ఆరెంజ్' రసాయనాలు తయారైన పాత కర్మాగారం స్థలం, దాని అడుగున డయాక్సిన్ విషం. మధ్యలో చెత్త ప్లాంటు.

అయితే ఆ చెత్త ప్లాంటును ఈ చట్టం మూయించలేదు. నిరాకరణ అధికారం కొత్తవాటి మీదే. ఉన్నవాటి అనుమతులు పునరుద్ధరణకొచ్చినప్పుడు షరతులు పెట్టవచ్చు, వెళ్లగొట్టడం కుదరదు. ఐరన్‌బౌండ్ జనం ఏళ్ల తరబడి ఊపిరి బిగపట్టి బతికింది రాబోయే ప్లాంట్ల వల్ల కాదు, ఎప్పుడో వచ్చేసినవాటి వల్ల. అంకెల పొందిక ఎంత తెలివైనదైనా ఈ వెలితి వెలితే.

డబ్బు పంచే చట్టాల తీరు

డబ్బు పంచాలంటే సగం రాష్ట్రం జాబితా పనికిరాదు. అక్కడ వరస కావాలి: ముందెవరు, వెనకెవరు. ఆ పద్ధతికి ఆద్యురాలు కాలిఫోర్నియా.

2012లో ఆ రాష్ట్రం ఎస్‌బీ 535 అనే చట్టం చేసింది. పొగ వదిలే కంపెనీలకు ప్రభుత్వం వేలం వేసే కర్బన అనుమతుల ద్వారా వచ్చే సొమ్ములో కనీసం 25 శాతం 'వెనకబడిన సముదాయాల'కు మేలు చేసే పనులకు పోవాలని, 10 శాతం ఆ పేటల్లోనే ఖర్చవాలని అందులో ఉంది. 2016లో ఏబీ 1550 దాన్ని బిగించింది: మొత్తం 25 శాతమూ ఆ పేటల్లోనే ఖర్చు పెట్టాలి, ఇంకో 10 శాతం తక్కువ ఆదాయంవాళ్లకు. వెనకబడిన సముదాయమంటే ఏమిటో చట్టం మాటల్లో చెప్పింది: కాలుష్యం ఎక్కువగా తగిలే ప్రాంతాలు, తక్కువ ఆదాయం, నిరుద్యోగం, అద్దెల భారం, చదువు లేమి గుమిగూడిన ప్రాంతాలు. అంకె మాత్రం చెప్పలేదు. ఆ పని అధికారులకు వదిలింది.

అధికారులు కాల్‌ఎన్విరోస్క్రీన్ అనే మార్కుల పట్టికను తయారుచేశారు. 2021 నాటి నాలుగో కూర్పులో 21 అంశాలున్నాయి. 13 కాలుష్యానివి: ఓజోన్, సూక్ష్మ ధూళి, డీజిల్ పొగ, తాగునీటి మలినాలు, పురుగుమందులు, విషవ్యర్థాల గోదాములు వగైరా. 8 మనుషులవి: ఉబ్బసం, గుండెజబ్బులు, తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు, పేదరికం, నిరుద్యోగం, చదువు, అద్దె భారం, ఇంగ్లిష్ రాని ఇళ్లు. రాష్ట్రాన్ని 8,035 'సెన్సస్ ట్రాక్టు'లుగా, అంటే సగటున నాలుగు వేల మందికి పైబడిన ముక్కలుగా, కోసి ప్రతి ముక్కకీ ప్రతి అంశంలో పర్సెంటైల్ కడతారు. జేఈఈ రాసే పిల్లలున్న ఇళ్లలో ఈ మాటకు వివరణ అక్కర్లేదు. మనకు ఎన్ని మార్కులొచ్చాయన్నది కాదు, మన కింద ఎందరున్నారన్నది లెక్క. 90 పర్సెంటైల్ ధూళి అంటే రాష్ట్రంలో నూటికి తొంభై ముక్కల్లో గాలి ఇక్కడికన్నా మెరుగని అర్థం.

ఆ తర్వాత చేసే లెక్కలోనే ఈ పద్ధతి ప్రాణం ఉంది. కాలుష్యానికి పదికి ఇన్ని అని, మనుషుల పరిస్థితికి పదికి ఇన్ని అని రెండు మార్కులు వేసి, వాటిని కూడరు. గుణిస్తారు.

తేడా ఎంతో చిన్న లెక్కతో చూద్దాం. సముద్రం ఒడ్డున డబ్బున్నవాళ్ల పేట ఒకటి. పెద్ద రహదారి ఆనుకునే పోతుంది కనుక కాలుష్యానికి 9, మనుషుల ఇబ్బందులకు 2. లోయలో కూలీల ఊరు ఇంకొకటి. కాలుష్యం 5, ఇబ్బందులు 5. కూడితే మొదటిదానికి 11, రెండోదానికి 10. సొమ్ము సముద్రం ఒడ్డుకు పోతుంది. గుణిస్తే మొదటిది 18, రెండోది 25. సొమ్ము లోయకు చేరుతుంది. అంశాలు మారలేదు, మార్కులు మారలేదు. మధ్యలో గుర్తు మారింది.

గుణకారానికి శాస్త్రం వైపు నుంచి ఒక సమర్థన ఉంది. ఒకే పొగ అందరినీ ఒకేలా దెబ్బతీయదు. ఉబ్బసం ఉన్న పిల్లవాడికి, ఆసుపత్రికి వెళ్లే స్తోమత లేని గర్భిణికి అదే ధూళి రెట్టింపు హాని చేస్తుంది. పేదరికం కాలుష్యం పక్కన నిలబడే ఇంకో కష్టం కాదు, కాలుష్యపు కాటును పెంచేది. ఆ సంగతి కూడికలో కనబడదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం ఇదే.

ఆ పట్టిక పుట్టుకలో ఒక దాపరికమూ ఉంది. 2013 ఏప్రిల్‌లో వచ్చిన మొదటి కూర్పులో జాతి కూడా ఒక అంశంగా ఉండేది. అదే ఏడాది సెప్టెంబరులో సవరించిన కూర్పులో మాయమైంది. కాలిఫోర్నియా ఓటర్లు 1996లోనే ప్రతిపాదన 209ను ఆమోదించి, ప్రభుత్వ ఉద్యోగాల్లో, విద్యలో, కాంట్రాక్టుల్లో జాతిని బట్టి ప్రాధాన్యం ఇవ్వకూడదని తేల్చారు. నిధుల పంపిణీకి వాడే పట్టికలో జాతి ఉంటే కోర్టు చిక్కులు తప్పవు. అందుకని తీసేశారు. తీసేసినా, ఆ పట్టికలో పైన తేలే ముక్కల్లో లాటినోలు, నల్లజాతివాళ్లే ఎక్కువ. శాన్ వాకిన్ లోయ పొలాల ఊళ్లు, లాస్ ఏంజెలస్ తూర్పు పేటలు. జాతి పేరెత్తకుండానే జాతి ఫలితాల్లో కనబడుతుంది. న్యూజెర్సీ ఆ పేరు నేరుగా ఎత్తింది, ఎడిసన్‌ను కూడా లాక్కొచ్చింది. రెండు దారుల్లో ఏది సరైనదని నన్నడిగితే, చట్టం దేనికన్నది చూసుకోమంటాను.

ముక్కల సైజు కూడా మొదట్నుంచీ ఇలా లేదు. మొదటి కూర్పు పిన్‌కోడ్ ప్రాంతాల వారీగా లెక్క కట్టింది. పెద్ద పిన్‌కోడ్‌లో కొండమీది బంగళాలు, కొండకింది రేకుల షెడ్లు కలిసిపోయి సగటు మర్యాదగా కనబడేది. 2014లో ట్రాక్టులకు దిగారు. అద్దె భారం మొదట లేదు. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పేదరిక రేఖకు రెట్టింపు సంపాదించినా అద్దెకే చాలదు. అంత సంపాదించే మనిషి దేశం లెక్కలో పేద కాదు. ఆదాయంలో సగానికి మించి ఇంటికే పోసే తక్కువ ఆదాయపు కుటుంబాల శాతాన్ని 2017 కూర్పులో చేర్చాక గాని ఆ కోణం పట్టికకు ఎక్కలేదు.

ఉబ్బసం లెక్క ఇంకో తిరకాసు. దాన్ని కొలిచేది అత్యవసర విభాగానికి వచ్చిన కేసులతో. బీమా లేనివాడు, కాగితాలు లేని వలస కూలీ, భాష రాక భయపడే తల్లి ఆసుపత్రి గడప తొక్కరు. రోగం ఉన్నా కేసు ఉండదు. కేసు లేకపోతే మార్కు లేదు. 2024లో నేచర్ మెషీన్ ఇంటెలిజెన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ పట్టికను తిరగేసి చూసింది. ఏ అంశాలు తీసుకోవాలి, ఎలా సరాసరి కట్టాలి అన్న నిర్ణయాలను కొద్దికొద్దిగా, తప్పు పట్టలేని రీతుల్లోనే మార్చి చూస్తే, దాదాపు 16 శాతం ట్రాక్టుల హోదా తారుమారవుతుందని తేల్చింది. ఆరింట ఒకటి. ఆ ఒకటి లోపలుందా బయటుందా అన్నది అక్కడి గాలి కన్నా గణకుడి అభిరుచి మీద ఎక్కువ ఆధారపడుతుందన్నమాట.

రెండు శాతాలను పక్కపక్కన పెడితే

21 అంశాలు లెక్క కట్టి వరస పెట్టాక గీత ఎక్కడ గీశారు? పై 25 శాతం దగ్గర. ఈ 25 ఏ వైద్య పరిశోధనలోనూ తేలింది కాదు. ఇన్ని మార్కులు దాటితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయని ఎవరూ చెప్పలేదు. డబ్బులో 25 శాతం ఇమ్మంది చట్టం. ట్రాక్టుల్లో 25 శాతాన్ని ఎంచారు అధికారులు.

ఈ రెండు అంకెలను ఒక్క క్షణం పక్కపక్కన పెట్టండి. నాలుగో వంతు పేటలకు కనీసం నాలుగో వంతు డబ్బు. అది ప్రాధాన్యమా, వాటాయా? లెక్క ప్రకారం వాటా మాత్రమే. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం సూత్రమే ఇక్కడా: జనాభా ఎంతో నిధులూ అంత.

2022లో కాలిఫోర్నియా జాబితాను కొత్తగా ప్రకటించాక ఈ లెక్క ఇంకా తమాషాగా మారింది. స్కోరులో పై 25 శాతం: 1,984 ట్రాక్టులు. జనం వివరాలు సరిపోక మొత్తం స్కోరు రాకపోయినా కాలుష్యంలో పై 5 శాతంలో ఉన్నవి: 19. 2017 జాబితాలో ఉండి కొత్త స్కోరులో జారిపోయినవి, ఉన్నపళంగా వదిలేయడం ఇష్టంలేక కొనసాగించినవి: 307. కూడితే 2,310. మొత్తం 8,035లో ఇది దాదాపు 29 శాతం. పైగా సమాఖ్య గుర్తింపు ఉన్న ఆదివాసీ తెగల భూములు. చట్టం హామీ ఇచ్చిన కనీస సొమ్ము మాత్రం 25 శాతం దగ్గరే ఉంది.

న్యూయార్క్ 2019 వాతావరణ చట్టం ఇదే బాటలో నడిచింది. పెట్టుబడుల ప్రయోజనాల్లో కనీసం 35 శాతం, లక్ష్యంగా 40 శాతం వెనకబడిన సముదాయాలకు అంది. 2023 మార్చిలో ఖరారైన ప్రమాణాల్లో 45 అంశాలున్నాయి. జాతి కూడా ఉంది, ఒకప్పుడు బ్యాంకులు ఎర్రగీత గీసి అప్పులివ్వని పేటల చరిత్రా ఉంది. అన్నీ లెక్కకట్టాక జాబితాకెక్కినవి 4,918 ట్రాక్టుల్లో 1,736. శాతం ఎంతో చెప్పాలా? 35.

కేంద్రంలో బైడెన్ ప్రభుత్వం 2021 జనవరిలో 'జస్టిస్40' అంది: ఎంచిన పథకాల ప్రయోజనాల్లో 40 శాతం. 2022 నవంబరులో విడుదలైన పటంలో దేశంలోని 74,134 ట్రాక్టుల్లో 27,251 వెనకబడినవిగా తేలాయి. 37 శాతానికి కాస్త తక్కువ. 37కు 40.

ఇదంతా కంటితుడుపని తీసిపారేయడం న్యాయం కాదు. దశాబ్దాలుగా వాటా కూడా దక్కని పేటలకు వాటా హామీ చిన్న సంగతేమీ కాదు. పైగా ఇది కనీసం, గరిష్ఠం కాదు. కానీ 'ముందు అభాగ్యులకే' అని ప్రకటించే చట్టం ఏదైనా కనబడితే చూడాల్సింది ఒక్క శాతం కాదు, రెండు: జాబితాలో ఎంతమంది, సొమ్ములో ఎంత. జాబితాను పెంచుకుంటూ పోతే ఎవరికీ కోపం రాదు, ఎవరికీ పెద్దగా ఒరగదు.

కేంద్రం పటం కట్టిన తీరు కూడా చెప్పుకోవాలి. అక్కడ గుణకారం లేదు, మార్కులే లేవు. ధూళి, ఉబ్బసం, విద్యుత్ ఖర్చు, వరద ముప్పు లాంటి అంశాల్లో ఏ ఒక్కదానిలోనైనా ట్రాక్టు 90 పర్సెంటైల్‌కు చేరాలి. దానికి తోడు తక్కువ ఆదాయంలో 65 పర్సెంటైల్‌కు చేరాలి. రెండూ ఉంటే లోపల, లేకపోతే కొన్ని మినహాయింపులు తప్ప బయటే. చూడ్డానికి శుభ్రంగా ఉంది. కానీ ఒక పేట పది అంశాల్లో 89 దగ్గర ఉందనుకోండి, అది బయటే. ఒకే ఒక్క అంశంలో 91 ఉండి, ఆదాయం గీత కూడా దాటి, మిగిలినవన్నీ బాగున్న పేట లోపల. కష్టాలన్నీ ఒకరి నెత్తినే పడటం అన్నదే పర్యావరణ న్యాయ ఉద్యమానికి మూలం. నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో 1982లో నల్లజాతి ఊరి పక్కన విషపు మట్టి పాతరకు అడ్డంపడి 500 మందికి పైగా అరెస్టయినప్పటి నుంచి వినబడుతున్న మాట అదే. ఆ పేరుకుపోవడాన్ని ఈ పటం కొలవలేకపోయింది. జాతినీ ముట్టుకోలేదు.

ఇప్పుడా పటం అధికారికంగా లేనే లేదు. 2025 జనవరి 20న ట్రంప్ సంతకంతో జస్టిస్40కి మూలమైన ఉత్తర్వు రద్దయింది. మర్నాడు, 1994 ఫిబ్రవరిలో క్లింటన్ ఇచ్చిన మొట్టమొదటి పర్యావరణ న్యాయ ఉత్తర్వు కూడా పోయింది. పటం వెబ్‌సైటు ఆ నెలలోనే మూతపడింది. సమాచారాన్ని ముందే దింపి దాచుకున్న పరిశోధకులు దాన్ని వేరేచోట తిరిగి నిలబెట్టారు. వాళ్ల పటానికి చట్టబలం లేదు. ఉత్తర్వుతో పుట్టింది ఉత్తర్వుతో పోయింది. శాసనసభల్లో పుట్టిన న్యూజెర్సీ, కాలిఫోర్నియా, న్యూయార్క్ నిర్వచనాలు మాత్రం అలాగే ఉన్నాయి.

పటాన్‌చెరుకు 70.07

మన దగ్గర ఇలాంటి మార్కులు లేవనుకుంటే పొరపాటు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 88 పారిశ్రామిక ప్రాంతాలకు సమగ్ర పర్యావరణ కాలుష్య సూచీ కట్టింది. వందకు 70 దాటితే 'తీవ్రాతితీవ్ర' కాలుష్య ప్రాంతం. అలాంటివి 43 తేలాయి. గుజరాత్‌లోని అంకలేశ్వర్ 88.50తో మొదటి స్థానం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి రెండు: విశాఖపట్నం 70.82, పటాన్‌చెరు-బొల్లారం 70.07.

పటాన్‌చెరు దగ్గర నక్కవాగు నురగ చూసినవాళ్లకు ఆ 0.07 దగ్గర నవ్వు రాదు. 1990లోనే సుప్రీంకోర్టుకెక్కిన కాలుష్యం అది. బావుల్లో నీళ్లు రంగు మారి, పొలాలు పడావు పడి, పటాన్‌చెరు వైద్యుడు కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్లకేళ్లు కోర్టుల చుట్టూ, కార్యాలయాల చుట్టూ తిరిగాక కూడా సూచీలో గీత దాటింది వందో వంతుల్లో. ఆ గీత దాటడం వల్లే 2010 జనవరి 13న 43 ప్రాంతాల్లో కొత్త పర్యావరణ అనుమతులను కేంద్రం నిలిపేసినప్పుడు పటాన్‌చెరు ఆ జాబితాలో ఉంది. 69.99 వచ్చి ఉంటే ఉండేది కాదు.

2009 సూచీలో జనానికి కొంత చోటుండేది: చుట్టూ 2 కిలోమీటర్లలో ఎంతమంది ఉన్నారు, వాళ్లకు ఎంత తగులుతోంది అన్నదానికి 30 మార్కులు. 2016లో సూచీని సవరించారు. గాలి, నీరు, నేలల నాణ్యతకు 50, పరిశ్రమల పరిమాణానికి 20, నిబంధనల పాటింపుకు 20, ఆసుపత్రుల కేసుల ఆధారంగా ఆరోగ్యానికి 10. పాత పద్ధతి ఊహలతో నిండిందని, కొత్తది కొలతలతో నడుస్తుందని సమర్థన. కొలతలు మంచివే. కానీ రెండు కూర్పుల్లోనూ ఆ చుట్టుపక్కల జనం పేదలా, చదువుకున్నారా, దళితవాడలో ఉంటున్నారా అన్నదానికి సున్నా మార్కులు. కాలిఫోర్నియాలో 21లో 5 అంశాలకు ఉన్న చోటు ఇక్కడ లేదు.

మన రాజ్యానికి పేదరికం లెక్కలు తెలియక కాదు. తెల్లకార్డులున్నాయి, ఉపాధి హామీ జాబ్‌కార్డులున్నాయి, కులాల వారీ నిధుల చట్టాలున్నాయి. అవన్నీ ఒక కార్యాలయంలో, పొగ లెక్క ఇంకో కార్యాలయంలో. రెండు ఫైళ్లు ఒక బల్లమీదికి రావు. గుణించడం సంగతి తర్వాత, కూడే అవకాశం కూడా లేదు.

ముక్క సైజు చూస్తే ఇంకా నిరాశ. విశాఖపట్నం అంతటికీ ఒకటే అంకె. 2009లో బీచ్ రోడ్డుకూ మల్కాపురానికీ అదే 70.82. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి కమ్మేసిన ఆర్.ఆర్. వెంకటాపురం లాంటి ఊరు, ప్రహరీ అవతలే ప్లాంటు ఉన్న ఊరు, ఆ అంకెలో ఎక్కడా విడిగా కనబడదు. కాలిఫోర్నియా పిన్‌కోడ్‌లను కూడా మరీ పెద్దవని ఏడాదిలో వదిలేసింది.

మన చట్టాల్లో బాధితులను నేరుగా నిర్వచించే ప్రయత్నం గనుల దగ్గర జరిగింది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు: గనుల వల్ల ప్రభావితమైన మనుషులు, ప్రాంతాల కోసం. పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చిన కొత్తవైతే 10 శాతం దానికి జమ. 2024 మార్గదర్శకాల ప్రకారం గని నుంచి 15 కిలోమీటర్లలోపు నేరుగా ప్రభావితం, 25 లోపు పరోక్షం. వృత్తం గీయడం తేలిక, కోర్టులో వాదించడమూ తేలిక. కానీ వృత్తానికి గాలి ఎటు వీస్తుందో తెలియదు, బొగ్గు లారీలు ఏ రోడ్డున పోతాయో తెలియదు. కొత్తగూడెం వైపు ఆ 15 కిలోమీటర్లలో అధికారుల క్వార్టర్లూ ఉంటాయి, కాంట్రాక్టు కార్మికుల గుడిసెలూ ఉంటాయి. ఇద్దరూ సమానంగా 'నేరుగా ప్రభావితులు'.

రేపు తెలంగాణ శాసనసభ మనసుపడి కాలిఫోర్నియా లాంటి లెక్క కట్టాలంటే ఏం కావాలి? కాలుష్యం వైపు కొలతలు కొన్ని ఉన్నాయి. కావాలంటే యంత్రాలు కొని పెంచుకోవచ్చు. మనుషుల వైపు, గ్రామం వారీగా, వార్డు వారీగా దొరికే చివరి జనగణన 2011 నాటిది. పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి చుట్టూ ఇప్పుడు అద్దె గదుల్లో ఉంటున్న బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కూలీల్లో చాలామంది ఆ లెక్క నాటికి ఈ ఊళ్ల మొహం చూసినవాళ్లు కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఔషధ కర్మాగారం పేలి 40 మందికి పైగా చనిపోయినప్పుడు మృతుల్లో ఎక్కువమంది అలా వచ్చినవాళ్లే. తర్వాతి జనగణనకు కేంద్రం ప్రకటించిన ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. కులం కూడా అందులో ఉంటుంది. ఆ అంకెలు వార్డు స్థాయిలో బయటికొచ్చేదాకా, పటాన్‌చెరు చుట్టూ ఎవరు ఉంటున్నారన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గరున్న అధికారిక జవాబు 2011 నాటిదే.